అద్దె అడుగని కృతిపతి

తెలుగు సాహిత్యచరిత్రలో కృతిపతికి ఒక పీఠము కలదు. కావ్యమునకు అవతారిక యున్నంతకాలము అతని వంశమును, వితరణమును, కీర్తియు అందులో వర్ణింపబడుచునే వచ్చినవి. పుదుచ్చేరి పట్టణమునకును ఈ సంప్రదాయముతో సంబంధము లేకపోలేదు. డూప్లే దొరకు దుబాసియై, 1761లో కీర్తిశేషుడైన ఆనందరంగ పిళ్ళై పేరనే కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును రచించినాడు. పిళ్ళై దినచర్య చరిత్రకారులకు ఎంత పరిచితమో, ఆ లక్షణగ్రంథము మన ఛందస్సు చదువుకొనువారికి అంత పరిచితము.

అదే పట్టణమున సుమారు నూటయేబది యేండ్ల తరువాత మరొక విధమైన పోషకుడు కనబడుచున్నాడు. అతనికి అవతారిక లేదు, అంకితము లేదు. అతడు ఒక ఇంటి యజమాని మాత్రమే.

1908లో సుబ్రహ్మణ్య భారతి నిర్బంధభయమున బ్రిటిషు సీమను వీడి, ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరి చేరినాడు. ఆయన నడపిన ‘ఇండియా’ పత్రిక కొంతకాలము అక్కడినుండి వెలువడి, 1910లో ఆగిపోయినది. దానితో కుటుంబపు ఆధారమును పోయినది. ఇంట భార్య, ఇద్దరు బిడ్డలు; వచ్చిపోవు మిత్రులకు లెక్కలేదు. 1912 జూలైలో అరవిందులు ఒక మిత్రునికి వ్రాసిన జాబులో, తమ చేత రూపాయిన్నర ప్రాంతముననే మిగిలినదనియు, భారతి ఏ ఆధారమును లేకయే బ్రతుకుచున్నాడనియు తెలిపినారు. పాంచాలి శపథము తొలిభాగము అచ్చయినది ఆ సంవత్సరముననే.

అట్టి కాలమున ఈశ్వరన్ ధర్మరాజ కోవిల్ వీథిలో భారతి కాపురమున్న ఇల్లు ఒక చెట్టియారుది. అతడు విళక్కెణ్ణెయ్ చెట్టియారు అను పేరనే ప్రసిద్ధుడు. ఆ తమిళ పదమునకు ఆముదమని అర్థము. పుదుచ్చేరిలో భారతిని ఎరిగిన వ. రామస్వామి, తాను రచించిన భారతి జీవితచరిత్రలో ఈ యజమానిని ఆప్యాయముగా తలచుకొన్నాడు. అద్దెకై వచ్చిన చెట్టియారు భారతి పాట విని, అడుగవలసినది అడుగకయే వెడలిపోయెడివాడట.

దీనిని వేడుకకథగా చెప్పుకొని నవ్వుట సులభము. యజమాని పక్షమున నిలిచి ఆలోచించినపుడు దాని బరువు తెలియును. ఇల్లు బాడుగకిచ్చినవానికి అద్దె భిక్షము కాదు, హక్కు. పన్ను కట్టవలసినవాడు అతడే. వానకు కురిసిన కప్పు బాగుచేయింపవలసినవాడును అతడే. పైగా ఆ యింటిలో ఉన్నవానిపై బ్రిటిషు గూఢచారుల నిఘా. బాకీపడిన అట్టివానిని ఖాళీ చేయుమన్నను లోకము తప్పు పట్టియుండదు. చెట్టియారుకు తన హక్కు తెలియక కాదు. తెలిసినందుననే గదా గుమ్మముదాక వచ్చినాడు. వచ్చుట యజమాని ధర్మము. అడుగకుండుట అతని మనస్సు.

ఆ కాలపు పుదుచ్చేరిలో శరణార్థికి నిలువనీడ దొరకుట సామాన్యవిషయము కాదు. 1910 ఏప్రిల్ 4న వచ్చిన అరవిందులకు తొలుత ఆశ్రయమిచ్చినది కోముట్టి వీథిలోని శంకర చెట్టియారు మేడ. కోమటి వర్తకుల పేరు మోయుచున్న ఆ వీథిలో ఆరునెలలు అతిథిగా గడపిన తరువాత, 1913 అక్టోబరునాటికి ఆయన నాలుగు అద్దె ఇండ్లు చూచినారు. ఆ యింటి తలుపులు తెరచినవారి సాహసము మన చరిత్రలలో ఒక వాక్యమునకు మించి కనబడదు.

అయినను ఈ ఔదార్యమును కీర్తించి ఊరకుండుట న్యాయము కాదు. రచయిత బ్రతుకు ఇంటి యజమాని దయపై ఆధారపడుట సమాజమునకు గౌరవము కాజాలదు. కణ్ణన్ పాటలకును, కుయిల్ పాటకును దేశము ఈయవలసియుండిన మూల్యములో కొంత, ఒక వర్తకుని లెక్కలో రాని బాకీగా నిలిచినది. అప్పుపడినది దేశము, నష్టము భరించినది అతడు.

1918లో భారతి పుదుచ్చేరి వీడినాడు. ఆయన నివసించిన ఒక ఇంటిని తరువాతి ప్రభుత్వము ఆ వీథిలోనే స్మారకముగా నిలిపినది. తెలుగును సుందరభాషగా కీర్తించిన ఆ కవిని మనమును తలచుకొనుచున్నాము. ఇచ్చిన ప్రభువుల పేర్లు పద్యములలో భద్రముగా ఉన్నవి. అడుగకపోయిన గృహస్థులను వెదకి, వారి పేర్లను సాహిత్యచరిత్రలో చేర్చుట ఇక విమర్శకుల పని.