మిగులు నిధుల పుట్టుక

‘నీళ్లు, నిధులు, నియామకాలు.’ తెలంగాణ ఉద్యమంలో ఊరూరా వినబడ్డ ఈ మూడు మాటల్లో నడిమిదాని మూలాలు వెతుక్కుంటూ పోతే కల్లు ముంత దగ్గర తేలతాం.

మద్రాసు నుంచి విడివడ్డ ఆంధ్ర రాష్ట్రంలో మద్యనిషేధం ఉండేది. ఖజానా ఎప్పుడూ కటకటే. హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణలో భూమిశిస్తు హెచ్చు, పైగా అబ్కారీ మీద ఏడాదికి సుమారు 5 కోట్ల రాబడి. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో ఈ తేడాను రాసిపెట్టింది. బడులూ కాలువలూ తక్కువగా ఉన్న సీమలోనే సొమ్ము మిగలడం నాకిప్పటికీ గుండె కలుక్కుమనిపించే విషయం. కల్లుగీత కార్మికుడి చెమట, తాగినవాడి కూలిడబ్బు అందులో ఉన్నాయి.

ఆ సొమ్ము ఆంధ్రతో విలీనంలో కరిగిపోతుందన్న భయం నుంచే, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నేతల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో మొదటి అంశం పుట్టింది. ఉమ్మడి పాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషాగా భరించాలి. తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణ అభివృద్ధికే వాడాలి. మద్యనిషేధం సంగతి తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకోవాలన్నది రెండో అంశం. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం ఇట్టే తెలుస్తుంది.

మాట ఇచ్చారు. ఏటేటా లెక్క చూపి, ఖర్చు కాని పైసాకు జవాబు చెప్పే పూచీ మాత్రం ఎవరి మీదా గట్టిగా పెట్టలేదు. 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చాకే లెక్క తీయించారు. ఖర్చు కాని మిగులు 34.10 కోట్లని లెక్కల అధికారి కుమార్ లలిత్ అన్నారు. జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లు అంది. తేడా ఆరు కోట్లకు లోపే. అసలు నష్టం, ఆ పన్నెండేళ్లలో తవ్వని బావులూ కట్టని బడులూ.

1973 ఆరు సూత్రాల పథకంతో, పెద్దమనుషుల ఒప్పందం కింద ఏర్పడ్డ తెలంగాణ ప్రాంతీయ సంఘం పోయింది. మిగులు మాట స్థానంలో ‘వెనుకబడిన ప్రాంతాల సత్వర అభివృద్ధి’ అన్న మాట వచ్చింది.

2014 విభజన తర్వాత ఆ వెనుకబాటు పేరిటే సొమ్ము ఢిల్లీ నుంచి రావడం మొదలైంది. రాయలసీమలో అప్పటి నాలుగు, ఉత్తరాంధ్రలో మూడు జిల్లాలకు ఏడాదికి తలా 50 కోట్ల సాయమన్నారు. ఒకనాడు మిగులు కోసం పోరాడిన తెలంగాణలోనూ, హైదరాబాదు మినహా అప్పటి తొమ్మిది జిల్లాలకు అదే 50 కోట్లు.