మనకు తెలియని మన చరిత్ర

తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటంలో (1946–51) పాల్గొన్న స్త్రీల మౌఖిక చరిత్ర సంకలనం. 1978లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన దీన్ని 1986లో వెలువరించింది. కె.లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారూ, వీణా శత్రుఘ్న ఈ కృషిలో ఉన్నారు. ఆంగ్ల రూపం 1989లో వచ్చింది.

పోరాటం గురించి అప్పటికే నాయకులు రాసిన గ్రంథాలు ఉన్నా, వాటిలో స్త్రీలు త్యాగమూర్తులుగానో సహాయకులుగానో కనిపించేవారు. ఇక్కడ వాళ్లే మాట్లాడారు. విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పాలకుర్తిలో పంట దక్కించుకున్న చాకలి ఐలమ్మ, దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం కథనాలు ఇందులోవే. కమలమ్మ కథ మరీ బరువైనది: దళంతో అడవిలో ఉంటూ, కన్నబిడ్డను పరాయివాళ్లకు అప్పగించాల్సి వచ్చింది. పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ చరిత్రల్లో ఇలాంటి లెక్కలకు చోటుండదు. పోరాటం ముగిశాక ఇంటికి, వంటింటికి తిరిగి వెళ్లమన్నప్పుడు కలిగిన నిరాశనూ పలువురు దాచుకోలేదు. ఐలమ్మ 1985లోనే కన్నుమూశారు. ఆమె మాటలు పుస్తకంగా వచ్చింది ఆ మరుసటి ఏడాది.

మౌఖిక ఆధారాలన్నీ ఒక తీరున పుట్టవు. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ (1963–69) తన ఫోన్ సంభాషణలను, చాలాసార్లు అవతలివారికి తెలియకుండానే, రికార్డు చేయించారు. 50 ఏళ్లు మూసి ఉంచమన్నా, ఆస్టిన్‌లోని ఆయన గ్రంథాలయం 1993 నుంచే వాటిని విడుదల చేయసాగింది. అక్కడ రికార్డు మీట అధికారంలో ఉన్నవాడి చేతిలో ఉంది. ఈ సంకలనం కోసం మాత్రం మాట్లాడేవారికి ఎదురుగానే టేపు తిరిగింది.