నాయుడుగారి నూట ఏబది మూడు

మంథనివద్ద గోదావరి దాటి ఉత్తరమునకు సాగినచో నాగపురము వచ్చును. అచటి తెలుగు కుటుంబమున 1895లో జన్మించి, పాఠశాల జట్టులోనే ఆట నేర్చిన కొఠారి కనకయ్య నాయుడుగారు 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టు పక్షమున బ్యాటు పట్టిరి. ప్రత్యర్థులు ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. వారు, మారిస్ టేట్ వంటి వృత్తి క్రీడాకారులును ఆ బృందముతో వచ్చిరి. అది టెస్టు పోటీ కాదు. అయినను, భారతీయులు వారికి సరిజోడగుదురా అను ప్రశ్న అందు ఇమిడియుండెను. నాయుడుగారు రెండు గంటలలోపుననే 11 సిక్సర్లతో, 13 ఫోర్లతో 153 పరుగులు చేసిరి. ఆటలో గెలుపోటములు తేలలేదు. ప్రశ్న మాత్రము తేలినది. ఎం.సి.సి. నాయకుడు గిల్లిగన్ ప్రోత్సాహము తోడై, 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడెను. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున తొలి టెస్టు ఆడిన భారత జట్టునకు నాయుడుగారే నాయకులు.