వంగని దండి, కరగు మైనము

పల్నాటి సీమలో చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి లోయలోనికి దుమికెడు ఎత్తిపోతలకు అనతిదూరమున, కృష్ణాజలముల నడుమ ద్వీపమై మిగిలిన నాగార్జునకొండపై, ఇక్ష్వాకుల నాటి శిల్పసంపద ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. కృష్ణాతీరపు బౌద్ధశిల్పములలో, ముఖ్యముగా అమరావతిలో, ధనురాకారమున కానవచ్చు వీణలకు మెట్లు లేవు. ఒక్కొక్క తంత్రి ఒక్కొక్క స్వరమునకే పరిమితము. ఒకే తంత్రిపై బహుస్వరములను పలికించు మెట్ల వీణ మనకు ప్రధానవాద్యమగుటకు శతాబ్దములు పట్టినది.

1550లో విజయనగర ప్రభువుల ఆశ్రయమున రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’ వీణపై స్వరస్థానములను శాస్త్రీయముగా నిర్ణయించెను. రాగము మారినపుడెల్ల మెట్లు జరుపుకొనవలసిన ఏకరాగమేళ వీణకు మారుగా, సర్వరాగములకును చాలునట్లు 24 మెట్లు స్థిరపడినది 17వ శతాబ్ది పూర్వార్ధమున, తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలముననని సంప్రదాయము చెప్పును.

మెట్టు స్థిరపడవలెను, కొయ్య వంగరాదు: తంత్రీవాద్య నిర్మాతల కెల్ల ఇదియే పరీక్ష. గిటారు మెడపై సన్నని గాళ్లు కోసి, మెట్టు అడుగంచును వానిలోనికి దిగగొట్టుదురు. గాడి ఏమాత్రము ఇరుకైనను ప్రతి మెట్టును కొయ్యను కొంచెము కొంచెముగా నెట్టగా, ఆ ఒత్తిడులన్నియు కూడి మెడ వెనుకకు వంగును. అందుచే అచ్చటి పనివాడు గాడి వెడల్పును మెట్టు మందమునకు సరిపోల్చి చూచుకొనిన పిదపనే సుత్తి చేపట్టును.

బొబ్బిలిలో పనసమ్రాను తొలిచి వీణ చేయు మనవారు దాని మెడయైన దండిని గాయపరుపనే పరుపరు. దండి కిరుప్రక్కల నిలిపిన చెక్కపట్టీలపై, తేనెమైనమును గుగ్గిలముతో కాచి మసి కలిపిన ముద్దను వేడి ఆరకమునుపే పేర్చి, దానిపై లోహపు మెట్టు నుంచి, తంత్రి మీటి, చెవితో విని, వెంట్రుకవాసి ముందునకో వెనుకకో జరిపి స్థానము నిశ్చయింతురు. పండ్రెండవ మెట్టు తంత్రికి ఇంచుమించు నడుమ నిలిచి పై షడ్జమును పలుకవలెను. అటుపై మెట్లు అంతకంతకు దగ్గరగును. మెట్ల తలలలో ఒక్కటి ఎత్తు తప్పినను తంత్రి బరబరలాడును. గమకమునకై తంత్రిని ప్రక్కకు లాగినను చలింపనంత గట్టిగా ఆ మైనము చల్లారి బిగియవలెను. దీనినే మేళము కట్టుట యందురు.

మైనమునకు శత్రువు ఎండ. వేసవి తాపమునకు పేరుమోసిన రెంటచింతల వంటి తావులలో మైనము మెత్తబడి మెట్లు ఒరుగుటయు, అపస్వరము పలుకుటయు సహజము. అయినను ఈ దౌర్బల్యమే దండికి రక్ష: ఋతువులతో కొయ్య స్వల్పముగా కదలినను, మేళము విప్పి మరల కట్టినచో ఆ దోషము సవరింపబడును. మైనమును ఎన్నిమారులైనను కాచవచ్చును. వంకరపోయిన దండిని చక్కజేయుట దుష్కరము. కావున వీణ ఆయుర్దాయమును లెక్కించువారు కొయ్య పాటవముతోపాటు, మేళము కట్టనేర్చిన చేతులెన్ని మిగిలినవో కూడ లెక్కింపవలెను.