నడిమి యింటి కలిమి

ముప్పది యేండ్లు బడిలో పిల్లలకు సరాసరి లెక్కలు నేర్పితిని. సరాసరి కప్పిపుచ్చునదెంతయో విశ్రాంతి పొందిన పిమ్మటనే గ్రహించితిని.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ధాన్యపు ధర హెచ్చెను. పల్లెల యప్పులు తీరినవని పలువురు తలచిరి. కోస్తా, సీమ మండలములు నాడు చెన్నరాజధానిలోనివి. ఆ ప్రభుత్వము 1945లో ఆచార్య బి. వి. నారాయణస్వామినాయుడుగారిచే విచారణ చేయించెను. 1939 నుండి తలసరి ఋణము ఇంచుమించు అయిదవవంతు తగ్గినట్లు తేలెను. తరగతులవారిగా విడదీయగా వేఱొక సంగతి బయటపడెను: అమ్ముటకు గింజలున్న పెద్దరైతు అప్పు మిక్కిలి తగ్గినది, గింజలు కొని తినెడి కూలివాని యప్పు పెరిగినది! అతని యప్పు మొత్తము స్వల్పమే. అది కలిమికి గుర్తు గాదు; అప్పు పుట్టుటకును ఆస్తి కావలెను గదా.

కావున ఆస్తిలో ఋణమును తీసివేసి చూడవలెను. 2019 నాటి అఖిలభారత ఋణ, పెట్టుబడుల సర్వే గ్రామకుటుంబపు సరాసరి ఆస్తిని రు. 15.92 లక్షలుగా చూపెను. కాని గ్రామముల యాస్తిలో సగమునకు పైగా మీది పదవవంతు కుటుంబములదే. ఇండ్లన్నిటిని కలిమి వరుసను నిలిపి, సరిగా నడుమ నున్న యింటి తలుపు తట్టుడు. ఆ పదునైదు లక్షలు అచ్చట కానరావు.