మొహం మారకూడదు

మాస్కో, 1985 జులై, ఒక మంగళవారం సాయంత్రం. కుతూజోవ్‌స్కీ ప్రాస్పెక్ట్ అనే పెద్ద రోడ్డు మీద, రొట్టెల దుకాణం ముందు నిలబడి ఉన్నారు మీరు. చేతిలో సేఫ్‌వే ప్లాస్టిక్ సంచి, దాని మీద ఎర్రటి 'ఎస్' అక్షరం. ఈ ఊళ్లో విదేశీ సంచులంటే మోజు కాబట్టి మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు. మీరు ఎదురుచూస్తున్నది ఆకుపచ్చ హ్యారడ్స్ సంచి పట్టుకుని, చాక్లెట్ బార్ కొరుక్కుంటూ నడిచొచ్చే మనిషి కోసం. మార్స్ అయినా సరే, కిట్‌క్యాట్ అయినా సరే. అదిగో, వచ్చాడు. ఆగడు, నవ్వడు. నములుతూనే ఒక్క క్షణం మీ కళ్లలోకి చూసి దాటిపోతాడు. లోపల మీ గుండె ఎగిరి గంతేస్తోంది. పైకి మాత్రం రొట్టె కొందామా వద్దా అని ఆలోచిస్తున్న మొహమే పెట్టాలి.

మీరు ఒలెగ్ గోర్డియేవ్‌స్కీ. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీలో కర్నల్. పదేళ్లకు పైగా బ్రిటన్‌కి రహస్యాలు చేరవేస్తున్నారు. బెన్ మాకింటైర్ 2018లో వెలువరించిన 'ద స్పై అండ్ ద ట్రెయిటర్' మీ కథే. ఈమధ్య చదివిన గూఢచారి పుస్తకాల్లో నన్ను నిద్రపోనివ్వనిది ఇదొక్కటే.

రెండు నెలలు వెనక్కి వెళ్దాం. లండన్ నుంచి ఉన్నపళంగా మాస్కోకి పిలిపించారు. ఊరి బయట కేజీబీ వారి విడిది ఇంట్లో భోజనం. బల్ల మీద శాండ్‌విచ్‌లు, గ్లాసుల్లో బ్రాందీ. పెద్దవాళ్లు గ్లాసు ఎత్తితే మీరూ ఎత్తాలి. వద్దంటే అనుమానం, తాగితే ప్రమాదం. తాగారు. కాసేపటికి మీ ఒళ్లు మీది కాదు, మీ నోరూ మీది కాదు. అందులో ఏదో కలిపారు. గంటల తరబడి అడుగుతున్నారు, మీరేం చెబుతున్నారో మీకే సరిగా తెలియదు. అయినా నేరం ఒప్పుకోలేదు. ఈ అధ్యాయం చదువుతున్నప్పుడు పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారిపోయినా ముట్టబుద్ధి కాలేదు.

రొట్టెల దుకాణం ముందు ఆ చూపు, తప్పించే ఏర్పాటు మొదలైందన్న సంకేతం. ఇప్పుడు ఫిన్లాండ్ సరిహద్దు. బ్రిటిష్ దౌత్యవేత్త కారు డిక్కీలో ముడుచుకుని ఉన్నారు, మీద వేడిని కప్పిపెట్టే రేకు దుప్పటి. బయట కుక్కల ముక్కుల చప్పుడు. ఆ కుక్కలకు ఒకావిడ చీజ్ అండ్ ఆనియన్ చిప్స్ పెడుతోంది. ఇంకొకావిడ పసిపాపను సరిగ్గా మీ తల మీదికి వచ్చేలా డిక్కీ పైన పడుకోబెట్టి డైపర్ మారుస్తోంది. ఆ వాసన ముందు మీ వాసన ఏ కుక్కకి పడుతుంది? కారు కదులుతుంది. కొంతసేపటికి క్యాసెట్‌లో సిబేలియస్ 'ఫిన్లాండియా' మొదలవుతుంది. దాటేశారు. కానీ మాకింటైర్ మనల్ని అక్కడ చప్పట్లు కొట్టి లేవనివ్వడు. భార్య లైలాకు ఈ మనిషి ఏనాడూ నిజం చెప్పలేదు. ఆమె, ఇద్దరు కూతుళ్లు ఆరేళ్లు అవతలే ఉండిపోయారు. మొహం మారనివ్వని విద్య ఇంట్లో ఏం చేస్తుందో ఆ చివరి పేజీల్లో ఉంది.

ఆ విద్యే ఇంకో రకం మనుషులకూ కావాలి. ఎక్కడికెళ్లినా ఎదుటివాడు ఏది పెడితే అది తినేవాళ్లకి.

సైగాన్. రెస్టారెంట్ వాడు బతికున్న నాగుపామును మీ ముందే కోసి, ఇంకా కొట్టుకుంటున్న గుండెను చిన్న గిన్నెలో పెట్టి అందిస్తాడు. అమెరికన్ వంటవాడు ఆంథొనీ బోర్డెయిన్ దాన్ని గుటుక్కున మింగేశాడు. 2001లో వచ్చిన 'ఎ కుక్స్ టూర్'లో అందరూ చెప్పుకునేది ఈ ఘట్టమే. నాకైతే అది టీవీ కెమెరా కోసం మింగినట్టే అనిపించింది. కెమెరా వెంట ఉంటే ఎంత రాజీపడాలో ఆయనే దాచకుండా రాసుకున్నాడు కూడా. మీరు వెతుక్కుని చదవాల్సింది పోర్చుగల్ అధ్యాయం. అన్నాళ్లూ ఫోన్ చేసి మాంసం తెప్పించుకున్న వంటవాడు, పల్లెటూళ్లో పందిని కోస్తుంటే ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. అక్కడ మొహం మారింది. అందుకే బాగుంది.

నన్నడిగితే ఈ బాటలో బోర్డెయిన్ కన్నా లోతుకు దిగింది బ్రిటిష్ రచయిత్రి ఫుషియా డన్‌లప్. పుస్తకం పేరు 'షార్క్స్ ఫిన్ అండ్ సిచువాన్ పెప్పర్', 2008. హాంకాంగ్, 1992. బల్ల మీద సున్నం, ఉప్పు, బూడిదల్లో ఊరిన బాతు గుడ్లు. తెల్లసొన ముదురు గోధుమరంగు జెల్లీ అయిపోయింది, పచ్చసొన చుట్టూ బూజు రంగు, గంధకం వాసన. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. నోట్లో పెట్టుకోండి. ఆమె పెట్టుకుంది, అసహ్యంతో వణికిపోయింది. రెండేళ్లకు చదువు పేరుతో చెంగ్డూ చేరి, ఆ చదువు పక్కన పడేసి, సిచువాన్ వంట విద్యాలయంలో చేరిన మొదటి పాశ్చాత్యురాలైంది.

ఇక మీరు ఆ వంటగదిలో ఉన్నారు. చేతిలో పలక లాంటి కత్తి. మిరియం లాంటి గింజ నాలుకకి తగలగానే పెదాలు మొద్దుబారి జుమ్మంటున్నాయి. మన గుంటూరు మంట కాదిది. బాతు పేగులు, మృదులాస్థి, జారే ముక్కలు. రుచేమీ లేనిదాన్ని ఎందుకు తింటారంటే, పళ్ల కింద కరకరలాడటానికి, జర్రున జారడానికి. బోటి వేపుడు, తలకాయ కూర తిని పెరిగిన మనకి ఆమె ఆశ్చర్యం కొన్నిచోట్ల కాస్త నవ్వు తెప్పిస్తుంది. కానీ కుందేలు తలను చేత్తో పట్టుకుని దవడ విడదీసే చోట మనమూ ఆగుతాం. చివర్లో ఇంగ్లండులో, పుట్టింటి తోటలోంచి కోసి ఉడికించిన ఆకుకూరలో పచ్చ పురుగు కనిపిస్తుంది. చైనాలో ఏది పెట్టినా తిన్న మనిషి, సొంత వంటింట్లో తినగలదా? తింటుంది. సొరచేప రెక్కల సూపు తాగడం సబబేనా అన్న అనుమానాన్నీ ఆమె దాటెయ్యకుండా మన ముందు పెడుతుంది.

ఈ రెండు లోకాలూ నిజంగానే ఒక చోట కలిశాయి: 1944, సింహళంలోని కాండీ. యుద్ధకాలపు అమెరికన్ గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ అక్కడ మకాం వేసింది. కాగితాల గదిలో రహస్య పత్రాల లెక్క చూస్తున్న ఆరడుగులు దాటిన అమ్మాయి, తర్వాత అమెరికాకి ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్. అప్పటికి ఆమెకి వంట రాదు. అంతకుముందు వాషింగ్టన్‌లో ఉండగా సొరచేపలను దూరం పెట్టే మందు తయారుచేసే బృందంలో పని చేసింది. జెనెట్ కోనాంట్ 2011లో రాసిన 'ఎ కవర్ట్ ఎఫైర్' ఈ కథే అని అట్ట చెబుతుంది. తెరిస్తే పుస్తకమంతా ఆక్రమించేది సహోద్యోగి జేన్ ఫాస్టర్. అందరినీ నవ్వించిన, అందరూ ఇష్టపడ్డ జేన్ మీద 1957లో సోవియట్ గూఢచారి అన్న అభియోగం పడింది. అంతకు రెండేళ్ల ముందే జూలియా భర్త పాల్‌ను అధికారులు పిలిపించి, జేన్ గురించి అడిగారు. వంటల కోసం కొనేవాళ్లు నిరాశపడతారు, ముందే చెబుతున్నా. పాల్ కుర్చీలో కూర్చుని, స్నేహితురాలి పేరు వినిపించినప్పుడు మొహం ఎలా పెట్టాలో తేల్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం కొనండి.