నల్లగొండ సీమలో తొలి వోటు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములన్నియు నాడు నల్లగొండ జిల్లాలోనివే. నిజాము పాలనలో వయోజనులందరికి వోటుహక్కు లేదు. భూమికై, వెట్టి నిర్మూలనకై 1946లో చెలరేగిన సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినది. కొలది నెలలకే, 1952 ఎన్నికలలో, 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులు తొలిసారి వోటర్లైరి. దొరకును వెట్టివానికిని ఒక్కటే విలువ! నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డిగారు మూడు లక్షలకు పైగా వోట్లతో, నెహ్రూగారిని సైతము మించి, లోకసభకు ఎన్నికైరి.

1989లో వోటు వయస్సు 18కి తగ్గినది. 17 నిండినవారు నేడు ముందుగనే ఆరవ నంబరు ఫారము సమర్పింపవచ్చును. అయినను జాబితాలో పేరు లేనిదే హక్కు చేతికి రాదు. తాతలు పోరాడి సాధించినదానిని మనుమలు అలసత్వమున జారవిడువరాదు. శ్రోతలారా, మీ యింటి యువతీయువకుల పేర్లు నమోదైనవా?